బావ చూపించిన సింగపూరు

గొడ్డలి బొమ్మ తైలం వాసన ఎరగని ఇల్లు మా శ్రీకాకుళం ఉద్దానంలో తక్కువ. సింగపూరు నుంచి ఎవరు దిగినా పెట్టె తెరవగానే ముందు ఆ వాసనే బయటికొచ్చేది. చాక్లెట్లు, సబ్బులు, గళ్ళ లుంగీలు తర్వాతి సంగతి. జలుబుకీ అదే, మోకాళ్ళ నొప్పికీ అదే, బస్సులో వాంతి రాకుండా చేతిరుమాలు మీద వేసుకునే రెండు చుక్కలూ అవే. మొన్న బావ పెద్దకార్యానికి కవిటి దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాను. మా అప్ప, అంటే అక్క, ఆయన రేకుపెట్టె సర్దుతూ అడుగున దొరికిన సీసా మూత తీసింది. ఖాళీ సీసా. ఎన్నేళ్ళ నాటిదో ఆవిడకే తెలీదు. అయినా గదిలో ఉన్నవాళ్ళం అందరం ఒకసారి తలెత్తి చూశాం.

బావ అంటే మా మేనత్త కొడుకు, మా అప్పని చేసుకున్నవాడు. కిడ్నీలు పాడై పోయాడు. ఉద్దానంలో ఈ ముక్క చెబితే ఎలా వచ్చిందని ఎవరూ అడగరు, ఎన్నాళ్ళు డయాలసిస్ చేయించారని అడుగుతారు. మొదట సోంపేటకి, తర్వాత పలాసకి తిప్పారు. ఆ మంచం మీద పడుకుని కూడా, "ఓడల్లో నూనె ట్యాంకుల్లోకి దూరిన మనిషిని, ఈ గొట్టాలు నాకేటి లెక్క" అనేవాడట. అప్ప ఆ మాట చెప్పి నవ్వింది, ఆ వెంటనే లోపలికి వెళ్ళిపోయింది.

నన్ను సింగపూరులో దింపుకున్నది ఆయనే. ఆ మొదటి వారం రాద్దామని కూర్చున్నాను.

*

మా ఇంట్లో సముద్రం దాటడం నాతో మొదలు కాలేదు. మా తాత రంగం వెళ్ళాడు. రంగూన్ అని మా వైపు ఎవరూ అనరు, రంగమే. అప్పట్లో మా ఊళ్ళన్నీ గంజాం జిల్లా కింద ఉండేవి, 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడే ఇటు వచ్చాయి. ఓడెక్కాలంటే గోపాలపూర్ రేవుకి నడిచిపోవడమే. మేస్త్రీ ముందే డబ్బులిచ్చి తీసుకుపోయేవాడు, అక్కడ కూలిలోంచి ఆ డబ్బు కోసుకునేవాడు. తాత ధాన్యం మిల్లులో బస్తాలు మోశాడు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక అరకాన్ కొండల మీదుగా కాలినడకన వచ్చినవాళ్ళలో ఆయనా ఒకడు. ఆ నడక గురించి అడిగితే చుట్ట వెలిగించుకునేవాడు తప్ప జవాబు చెప్పేవాడు కాదు. ఆయన చెప్పిందల్లా రంగంలో దిగిన రోజు సంగతి. "ఓడ దిగీసరికి రేవుకాడ మనూరోడు నిలబడున్నాడ్రా. ఆడు లేకపోతే నానేటైపోదునో" అని ఎన్నిసార్లు చెప్పాడో.

నా కథకి కారణం గాలివాన. 1999లో ఒరిస్సాని ముంచేసిన పెద్ద తుఫాను అందరికీ గుర్తుంది. దానికి పన్నెండు రోజుల ముందు అదే అక్టోబరులో గోపాలపూర్ దగ్గర ఇంకొకటి తీరం దాటింది. లోకం దాన్ని మర్చిపోయింది గానీ మా సోంపేట, ఇచ్ఛాపురం వైపు మర్చిపోలేదు. మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మళ్ళీ మొక్క నాటితే కాపు చూడ్డానికి ఆరేడేళ్ళు. జీడితోట కొమ్మలు విరిగి పడుంది. అయ్య అరుగు మీద కూర్చుని తోట వైపు చూసేవాడు కాదు, వీధి వైపు తిరిగి కూర్చునేవాడు.

నాకు ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్టు ఉంది. బావ అప్పటికే సింగపూరులో ఓడల రిపేరు యార్డులో పాత కాపు. ఏజెంటుకి కట్టాల్సిన డబ్బు మా ఊరి షావుకారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. చెన్నైలో టెస్టు పాసయ్యాను. సోంపేట స్టేషన్లో మెయిలెక్కేటప్పుడు అమ్మ నా చేతిలో పెట్టింది రెండు మూటలు: ఒకదాంట్లో జీడిపప్పు, ఒకదాంట్లో ఆవకాయ. ఆవకాయ డబ్బాకి తడిగుడ్డ చుట్టి, పైన పాలిథిన్ కట్టి, దాని మీద మళ్ళీ గుడ్డ. విమానంలో నా పక్కన కూర్చున్నాయన నాలుగు గంటలూ ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు.

*

చాంగీలో దిగితే ముందు నాకు వింతనిపించింది నేల. విమానాశ్రయమంతా తివాచీ పరిచేశారు. చెప్పులు విప్పాలేమో అని ఒక్క క్షణం ఆగాను. వెనకాల వచ్చేవాళ్ళు తొక్కుకుంటూ పోతుంటే నేనూ నడిచాను.

బావ బయట కమ్మీ పట్టుకుని నిలబడున్నాడు. ఇస్త్రీ చొక్కా. ఊళ్ళో ఏనాడూ ఇస్త్రీ చొక్కాలో చూడలేదు ఆయన్ని.

"ఏట్రా బామ్మర్దీ, నిద్దరోనేదేటి?" అన్నాడు. టైము ఎంతని అడిగితే ఆరున్నర అన్నాడు. బయట చూస్తే చిమ్మచీకటి. నేను రాత్రి ఆరున్నర అనుకున్నాను. "ఇక్కడ అంతే. ఏడు దాటితే గాని ఎలుగు రాదు. మాఘమాసమైనా అంతే, ఆషాఢమైనా అంతే" అన్నాడు. మన గడియారం కన్నా వాళ్ళది రెండున్నర గంటలు ముందు, సూర్యుడు మాత్రం ఆలస్యం. ఆ చీకట్లో ఎక్కడో చెట్టు మీంచి కోయిల కూసింది. మన కోయిలే. అంత దూరం వచ్చి మొదట విన్న గొంతు అది.

బస్సులో కూర్చున్నాక బావ చెప్పిన మాటలివి. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి జేబులో ఉంచు. రోడ్డు మీద ఉమ్మకు. బస ఎక్కడో ఇంగ్లీషులో రాయించి పర్సులో పెట్టుకో, దారి తప్పితే ఎవరికైనా చూపించు. ఆ తర్వాత వేలు చూపించి మరీ అన్నాడు: "వారం తిరిగీదాకా ఇంటికి ఉత్తరం రాయకు."

ఎందుకని అడిగాను.

"మొదటి మూడు రోజుల్లో రాసిన ఉత్తరం సదివితే మీయమ్మ అన్నం తినదు. నాను రాసినాను గనక తెలుసు. వారం పోనీ, అప్పుడు రాయి. అబద్ధం రాయనక్కర్లేదు, అప్పటికి నిజమే వేరేగుంటాది."

*

మా బస జురాంగ్ అవతల, తువాస్ వైపు. ఒక గదిలో రెండంతస్తుల ఇనప మంచాలు, మంచానికో తెర. తెర అంటే ఎవరి పాత లుంగీ వాళ్ళది. నా కింది మంచం కుర్రాడు ఎవరా అని మాట కలిపితే బరంపురం దగ్గరివాడు. మా ఊళ్ళో ఒడియా రాని వాళ్ళు తక్కువ కాబట్టి ఇద్దరం ఒడియాలో మొదలుపెట్టి, అరగంటలో ఇచ్ఛాపురం సంతలో మా ఇద్దరికీ తెలిసిన మిఠాయి కొట్టు దగ్గరికి చేరాం. తమిళుల మధ్య తెలుగువాణ్ణి ఎలా నెగ్గుకొస్తానా అని ఇంటి దగ్గర బెంగపడ్డాను. ఆ బెంగ అక్కడితో తీరింది.

వర్కు పర్మిట్టు కార్డు చేతికొచ్చేదాకా పనిలోకి దిగనివ్వరు. డాక్టరు ఛాతీ ఫొటో తీశాడు, రక్తం తీశాడు. ఇంకో ఆఫీసులో బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. ఒక్కో కూలివాడి మీద కంపెనీ అక్కడి సర్కారుకి ఐదు వేల డాలర్ల పూచీకత్తు కట్టాలి. అది విన్నప్పుడు నా విలువ అంతా అని కాస్త గర్వపడ్డ మాట నిజం. బావ ఆ గర్వం అక్కడే దించేశాడు: "నువ్వు పారిపోతే ఆళ్ళ డబ్బు పోతాది. అందుకే నీ పాస్‌పోర్టు ఆళ్ళ బీరువాలో ఉన్నాది."

తిండి పొట్లాల్లో వచ్చేది. తెల్లారి నాలుగింటికే మధ్యాహ్నం పొట్లం కూడా ఇచ్చేసేవారు. పన్నెండింటికి విప్పితే పప్పు పులిసిన వాసన. ఆవకాయ డబ్బా మూత తీశాను. గదిలో ఎనిమిది చేతులొచ్చాయి. అమ్మ ఏడాదికి సరిపడా పెట్టానంది, నేను నెలాఖరు చూస్తే గొప్ప అనుకున్నాను.

*

నా అదృష్టమో ఏమో గానీ నేను వెళ్ళిన వారమే చైనావాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. వాళ్ళకి అది డ్రాగన్ సంవత్సరం. ఏడాది పొడుగునా ఆగని యార్డు ఆ రెండు మూడు రోజులే ఆగుతుంది. ముందురోజు మధ్యాహ్నానికే మిషన్లన్నీ కట్టేశారు. అంతకు ముందు రాత్రీపగలూ సుత్తి దెబ్బలు, గ్రైండరు రొద విని విని, అవి ఆగగానే ఎవరో చెవుల్లోంచి దూది తీసినట్టయింది.

ముతలాళి, అంటే మా కంపెనీ యజమాని, మమ్మల్నందర్నీ వరసలో నిలబెట్టి తలా రెండు కమలాపళ్ళు, ఒక ఎర్ర కవరు ఇచ్చాడు. నేను ఇంకా సుత్తి ముట్టలేదు, నాకెందుకిస్తాడులే అని వెనక్కి తగ్గాను. ఆయన చెయ్యి చాచి మరీ ఇచ్చాడు. కవర్లో ఊదారంగు రెండు డాలర్ల నోట్లు నాలుగు, మడత పడనివి. మొత్తం ఎనిమిది డాలర్లు. వాళ్ళకి సరిసంఖ్య శుభం, అందులో ఎనిమిది మరీ శుభం. నాలుగు మాత్రం చావు సంఖ్య, మొత్తం నాలుగయ్యేలా ఎవరూ ఇవ్వరు. మనం నూటొక్క రూపాయి అని చివర రూపాయి ఎందుకు కలుపుతామో నాకు తెలీదు గానీ, వాళ్ళ లెక్కా మన లెక్కా అంత ఎదురెదురుగా ఉండటం భలే ముచ్చటేసింది. పరాయి దేశంలో నా మొదటి రాబడి పని చెయ్యకుండా వచ్చింది. ఆ తర్వాత అలాంటిది మరి రాలేదు.

పండగ అన్నారు, టపాకాయలు మోగుతాయేమో అని రాత్రంతా చెవి ఒగ్గి పడుకున్నాను. నిశ్శబ్దం. 1972 నుంచీ అక్కడ టపాకాయలు నిషేధం. పొద్దున్నే డప్పు మోత మాత్రం వచ్చింది. వీధిలో సింహం వేషం, లోపల ఇద్దరు మనుషులు. ముందువాడు తల ఆడిస్తే వెనకవాడు నడుం తిప్పుతాడు. కొట్టు ముందు పైన వేలాడదీసిన ఆకుకూరని ఆ సింహం నోటితో అందుకుని నమిలి అందరి మీదా చల్లింది. మా ఊరి అమ్మవారి సంబరంలో పులేషం కట్టేవాళ్ళు అది చూస్తే ఊరుకోరు, పందెం వేసేవాళ్ళు.

*

ఊరు చూపించమంటే బావ ఒక షరతు పెట్టాడు. "సూడ్డానికి డబ్బులు తీసుకున్న కాడికి మనం పోం." మౌంట్ ఫేబర్ నుంచి సెంటోసాకి తీగ మీద నడిచే డబ్బాలుంటాయని విన్నాను. కింద నిలబడి చూశాం. పోతున్నాయి, వస్తున్నాయి. చాలు పద అన్నాడు.

రైలుకి మాత్రం టిక్కెట్టు తప్పదు. బూన్ లే స్టేషన్లో ఎక్కాం. పట్టాలు నేల మీద కాకుండా మిద్దెల ఎత్తున పోతున్నాయి. కిటికీలోంచి చూస్తే ఇళ్ళు, ఇళ్ళ మీద ఇళ్ళు, ప్రతి కిటికీలోంచీ బయటికి చాచిన వెదురు గడలు, గడల నిండా ఆరేసిన బట్టలు. గొప్ప దేశం అని ఎంత హడలిపోయి వచ్చానో, ఆ లంగోటాలూ లంగాలూ చూశాక అంత ధైర్యం వచ్చింది. స్టేషన్లో బోర్డు చదివాను: తింటే తాగితే ఐదు వందల డాలర్లు జరిమానా, సిగరెట్టు కాలిస్తే వెయ్యి, మండే సరుకు తెస్తే ఐదు వేలు. ఆ వరసలోనే పనసలా ముళ్ళున్న కాయ బొమ్మ, దాని మీద అడ్డగీత. జరిమానా రాయలేదు. డూరియన్ అట. తర్వాత ఒక బజార్లో దాని వాసన తగిలింది. పనసపండు పక్కింట్లో కోస్తే మనింట్లో తెలుస్తుంది. ఇది పక్క వీధిలో కోసినా తెలుస్తుంది. పనసని పెళ్ళి విందుల్లో పెట్టుకునే ఊరివాణ్ణి, నేనే జేబురుమాలు తీశాను.

సింహం తల, చేప తోక ఉన్న బొమ్మ, మెర్లయన్, సింగపూరు అనగానే కాలెండర్లలో కనబడేది. నోట్లోంచి నీళ్ళు ధారగా పడుతుంటాయి కదా. మేం వెళ్ళేసరికి చుక్క నీళ్ళు లేవు, పంపు పాడైపోయి అప్పటికి రెండేళ్ళట. పైగా ఎదురుగా కొత్త వంతెన కట్టేసరికి సముద్రం వైపు నుంచి బొమ్మ కనబడటం మానేసింది. అటుపక్క పెద్ద కళామందిరం ఒకటి కడుతున్నారు, క్రేన్లే క్రేన్లు. బావ బొమ్మ కేసి చూళ్ళేదు, క్రేన్ల కేసి చూశాడు. ఏ క్రేను ఎన్ని టన్నులు ఎత్తుతుందో చెప్పుకుంటూ పోయాడు. 2002లో ఆ బొమ్మని పక్కకి జరిపి మళ్ళీ నీళ్ళు పట్టించారు. నా దగ్గరున్న ఫొటోలో మాత్రం అది ఎండిపోయిన నోరు తెరుచుకునే ఉంది.

చైనాటౌనులో ఎర్ర లాంతర్ల మధ్య నడుస్తుంటే ఉన్నట్టుండి గోపురం. మారియమ్మ గుడి. 1827 నాటిదని చెప్పారు. లోపల చైనా ముసలామె ఒకావిడ అగరొత్తుల కట్ట రెండు చేతుల్తో పట్టుకుని అమ్మవారికి ముమ్మారు వంగింది. పంతులు ఆవిడకి కుంకం పెట్టాడు. ఇద్దరికీ ఏ తేడా తోచలేదు.

*

ఆదివారం సెరంగూన్ రోడ్డు. దీని గురించి ఎంత రాసినా తక్కువే.

బస్సు దిగగానే ముందు చెవిన పడింది మనుషుల గొంతు. వారమంతా ఆ దేశంలో ఎవరూ గట్టిగా మాట్లాడగా వినలేదు నేను. అక్కడ ఒక్కసారిగా వేల గొంతులు. అరుగులు, గడ్డి మైదానాలు, మెట్లు, కారు పార్కింగు గోడలు, ఎక్కడ చూసినా కూర్చున్న మనుషులే. బంగ్లాదేశువాళ్ళు ఒకవైపు, తమిళులు ఒకవైపు, వాళ్ళలో మళ్ళీ జిల్లాకో గుంపు. బావ నన్ను సందులు తిప్పి ఒక చెట్టు కిందికి తీసుకెళ్ళాడు. "ఏటి, ఎవుడీ గుంటడు?" అన్న గొంతు వినబడింది. ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, అందరూ అక్కడే. నేను తెచ్చిన కబుర్ల కోసం చుట్టూ మూగారు. ఏ తోటలో ఎన్ని చెట్లు పడ్డాయి, బారువ వైపు రోడ్డు బాగు చేశారా, ఫలానా వాళ్ళ రేకుల ఇల్లు నిలబడిందా. కొందరికి ఇంటినుంచి ఉత్తరం వచ్చినా అందులో ఈ సంగతులుండవు, బెంగపడతారని రాయరు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఒకాయన తన తోట సంగతి విని, "సరే" అని లేచి వెళ్ళి అందరికీ టీ తెచ్చాడు.

ఆ టీ పాలిథిన్ సంచిలో పోసి, స్ట్రా వేసి, తాడుతో కట్టి ఇచ్చారు. వేలికి తగిలించుకుని తాగుతూ నడవటమే. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలీక వేళ్ళు కాల్చుకున్నవాణ్ణి చూసి చెట్టంతా నవ్వింది.

టెక్కా బజార్లో కరివేపాకు, ములక్కాడ, అరటిపువ్వు, పచ్చి పనసకాయ. మన పనసకాయే. పొట్టు కొట్టే మనిషి మాత్రం లేడు. ఎండుచేపల కొట్టు దగ్గర బావ ఆగి గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టాడు. నెత్తళ్ళు. మలాయివాళ్ళు వాటిని వేరుశనగపప్పుతో వేయించి అన్నం మీద జల్లుకుంటారట. ఆ రాత్రి బావ ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చింతపండు వేసి ఇగురు పెట్టాడు. ఇంటి దగ్గర నీళ్ళు కూడా తనకు తాను ముంచుకోని మనిషి.

పెరుమాళ్ళ గుడికి వెళ్ళేసరికి మధ్యాహ్నం. 1855లో మొదట కట్టినప్పుడు దాన్ని నరసింహ పెరుమాళ్ కోవెల అనేవారు, తర్వాత శ్రీనివాసుడి పేరొచ్చింది. ఈ సంగతి బావకి ఎవరు చెప్పారో గానీ, ఆయనకి మాత్రం అది సింహాద్రి అప్పన్న గుడే. దండం పెడుతూ "అప్పన్న తండ్రీ" అనే అన్నాడు. అక్కడి తెలుగు సమాజం 1975లో మొదలైంది, ఉగాది ఆ గుళ్ళో జరుగుతుందని కూడా ఆయనే చెప్పాడు. పులిహోర పెట్టారు, ఇద్దరం రెండేసి సార్లు వరసలో నిలబడ్డాం.

అక్కణ్ణించి ముస్తఫా కొట్టు. కొనటానికి కాదు, ధరలు చూసి పెట్టుకోవటానికి. టేప్‌రికార్డర్లు, టార్చిలైట్లు, సెంట్లు. ప్రతిదానికీ మూడు మెట్ల లెక్క: ఇంత డాలర్లు, ఇన్ని రూపాయలు, అంటే ఎన్ని గంటల ఓవర్‌టైము. ఆ లెక్క వేశాక ఏదీ కొనబుద్ధి కాదు. గొడ్డలి తైలం మాత్రం బావ ఎప్పుడూ డజను డబ్బా తీసుకునేవాడు.

*

సోమవారం కూడా సెలవే. "నీకు నరకం సూపిస్తాను రా" అన్నాడు బావ. పాసిర్ పంజాంగ్ రోడ్డులో హా పార్ విల్లా.

పులి బొమ్మ బామ్ చేసిన అన్నదమ్ములు 1937లో కట్టించిన తోట అది. వాళ్ళ పేరు ఆవ్. పెద్దాయన పేరులో పులి ఉంది, చిన్నాయన పేరులో చిరుతపులి ఉంది. వాళ్ళు పుట్టి పెరిగింది ఎక్కడో తెలుసా? రంగంలో. వాళ్ళ నాన్న 1870లలో రంగంలో మూలికల కొట్టు పెట్టాడు. కొడుకులు 1926లో సింగపూరుకి మారారు. మా నాయనమ్మ సున్నం వేసుకునే డబ్బా గుర్తుకొచ్చింది. ఆరు పలకల గాజుడబ్బా, మూత మీద చెరిగిపోయిన పులి. తాత ఒకసారి రంగం నుంచి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిందట. నా చిన్నప్పుడు అది పులి కాదు పిల్లి అని పందెం వేసేవాణ్ణి.

లోపల యమలోకం. పది కొలువులు, కొలువుకో రాజు, ఎదురుగా శిక్షలు, అన్నీ సిమెంటు బొమ్మలు, రక్తం ఎరుపు ఇంకా మెరుస్తోంది. మన జాతరల్లో అమ్మే పటం చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, పాపానికో గడి గీసి ఉంటుంది కదా, అదంతా ఇక్కడ మనిషెత్తున నిలబెట్టారు. పుకార్లు పుట్టించిన వాళ్ళకి నాలుక పీకుతున్నారు. అన్నం పారేసిన వాణ్ణి రంపంతో కోస్తున్నారు. ఆ బొమ్మ దగ్గర బావ చెయ్యి జోడించి, "మన పులిసిన పప్పు పొట్లాలు పారేసినవి లెక్కలోకి రావు గావాల" అన్నాడు.

ఐదో కొలువు దగ్గర ఇంగ్లీషు బోర్డు నేనే చదివి చెప్పాను. అధిక వడ్డీకి అప్పులిచ్చే వాళ్ళని కత్తుల కొండ మీదికి విసురుతారు. బావ అక్కణ్ణుంచి కదల్లేదు. కొండ మీద పడున్న బొమ్మల్ని ఒక్కొక్కటే పరిశీలించాడు.

"ఇందులో మన షావుకారి పోలికలు ఎవుడికున్నాయో సూడు."

ఇద్దరం చాలాసేపు వెతికాం. కింది వరసలో బొజ్జ ఉన్నవాణ్ణి ఖాయం చేశాం. పక్కన పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ చైనా దంపతులు, ఇద్దరు కూలివాళ్ళు యమలోకం చూసి కళ్ళనీళ్ళొచ్చేలా ఎందుకు నవ్వుతున్నారో తెలీక మమ్మల్నే చూశారు.

చివరి కొలువులో ఒక ముసలమ్మ టీ ఇస్తుంది. అది తాగితే గడిచిన జన్మ మొత్తం మర్చిపోయి మళ్ళీ పుడతారట. "ఒరే, నువ్వు మట్టుకు తాగకు. అప్పు మర్చిపోతావు" అన్నాడు.

*

వారం గడిచింది. కార్డు రాలేదు, ఉత్తరం రాసే రోజు వచ్చింది. రాత్రి మంచం మీద బోర్లా పడుకుని రాశాను. పక్కన బావ కూర్చుని ఏం రాస్తున్నానో చూస్తూనే ఉన్నాడు, అడ్డు మాత్రం రాలేదు. గుడి సంగతి రాశాను. నెత్తళ్ళు, పనసకాయ, కోయిల సంగతి రాశాను. ఎర్ర కవరు సంగతి రాశాను. చెట్టు కింద కలిసిన వాళ్ళందరి పేర్లూ, వాళ్ళ ఇళ్ళకి చెప్పమన్న మాటలూ రాశాను, అదే ఒక పేజీ. కత్తుల కొండ సంగతి మాత్రం రాయలేదు. అమ్మకీ అయ్యకీ చదువు రాదు, మా వీధిలో ఉత్తరాలు చదివి పెట్టేది ఆ షావుకారి గుమస్తాయే.

జవాబు వచ్చేసరికి నేను యార్డులో పడి, హెల్మెట్ మీద పేరు బదులు నంబరు రాయించుకుని, ఓడ అడుగున గొట్టాలు బిగిస్తున్నాను. జవాబు కూడా ఆ గుమస్తా దస్తూరీయే. ఊరి సంగతులు రెండు ముక్కలు. మిగతాదంతా వడ్డీ లెక్క: అసలెంత, ఈ నెలకెంత, పండగలోపు ఎంత పంపితే బాగుంటుంది. ఆ అక్షరాల్లో అయ్య మాట ఏదో, గుమస్తా మాట ఏదో విడదీయలేకపోయాను. అమ్మ చెప్పిందని చివర ఒక్క వాక్యం ఇరికించి రాశాడు. దాన్ని మాత్రం ఎవరూ కల్పించలేరు.

"నెత్తళ్ళూ అక్కడే దొరికి, పనసకాయలూ అక్కడే దొరికి, అప్పన్నా అక్కడే ఉంటే, మరి అంత డబ్బెట్టి అంత దూరం ఎందుకెళ్ళినట్టో మీ బావనడుగు."

అడిగాను. బావ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ చదువుకుని, "అత్తకి నాను రాస్తాన్లే. నువ్వు బేగి పడుకో, నాలుగున్నరకి లారీ" అన్నాడు.